ఆనర్స్‌లో తాజా పేపర్లు చదవడం దండగా? సొంత ప్రయోగమే మేలా?

తోకచుక్క: వెటర్నరీ సైన్స్‌లో ఆనర్స్ చేస్తున్నాను. వారానికో కొత్త పరిశోధనా వ్యాసం చదివి, అందులోని లోటుపాట్లు రాసివ్వడం మాకో సబ్జెక్టు. ఆ టైమంతా థీసిస్ ప్రయోగానికే ఇస్తే నయం కదా! ఒకరు చేసిన పనికి వంకలు పెట్టడం పరిశోధన ఎలా అవుతుంది?

పిపెట్‌రాజు: నా ఓటు మీకే. రక్తం తీసిన ట్యూబు ల్యాబుకి ఆలస్యంగా చేరితే, అందులోని కణాలే గ్లూకోజ్‌ని తినేస్తాయి. రీడింగ్ పడిపోతుంది. పేపర్లో మాత్రం 'నమూనాలు సేకరించాం' అని ఒక్క ముక్క ఉంటుంది. ఆ ముక్కని అనుమానించాలంటే ముందు చెయ్యి కాలి ఉండాలి.

గిట్టలడాక్టర్: రాజుగారూ, ఒక్క ఏడాదిలో ఆనర్స్ విద్యార్థికి ఎన్ని జంతువులు దొరుకుతాయి? ఎనిమిదో, పదో. మందు నిజంగా పనిచేసినా అంత చిన్న గుంపులో తేడా కనబడకపోవచ్చు. ప్రయోగాల్లో జంతువుల వాడకం తగ్గించమని రస్సెల్, బర్చ్ అనే శాస్త్రవేత్తలు 1959లోనే చెప్పారు. జవాబు తేలని ప్రయోగానికి ఎనిమిదైనా ఎక్కువే.

తోకచుక్క: అది ఒప్పుకుంటా. కానీ చదివేటప్పుడు చేసేదేముంది? కంట్రోల్ గ్రూపు (పోల్చి చూడ్డానికి మందు ఇవ్వని గుంపు) ఉందా, ఎన్ని జంతువులు, లాటరీ పద్ధతిలో పంచారా అని టిక్కులు పెట్టుకుంటూ పోవడమేగా.

పాతకేసుషీటు: టిక్కులతో సరిపెడితే మీరన్నట్టు దండగే. రెండు పేపర్లు పక్కపక్కన పెట్టి చూడండి.

ఒకటి 2019లో వచ్చింది. పిల్లుల్లో కరోనావైరస్ వల్ల వచ్చే ఎఫ్ఐపీకి జీఎస్-441524 అనే మందు ఇచ్చి చూశారు. 31 పిల్లులు, 25 దీర్ఘకాలం బతికాయి. కంట్రోల్ గ్రూపు లేదు. మీ టిక్కుల లెక్కన బలహీనం. కానీ అప్పటిదాకా ఆ జబ్బు సోకి లక్షణాలు బయటపడ్డ పిల్లి దాదాపు బతికేది కాదు. అలాంటప్పుడు 25 బతకడాన్ని కాకతాళీయం అనగలమా? అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: ఎవరిని పక్కన పెట్టారు? మెదడు, నరాల మీద జబ్బు తీవ్రంగా ఉన్నవాటిని అసలు చేర్చుకోలేదు. కాబట్టి ఆ అంకెను వాటికి వర్తింపజేయకూడదు.

రెండోది 2013 నాటిది. గోల్డెన్ రిట్రీవర్ జాతి కుక్కలకు న్యూటరింగ్ (పిల్లలు పుట్టకుండా చేసే) ఆపరేషన్ చిన్న వయసులో చేస్తే కీళ్ల జబ్బులు, కొన్ని క్యాన్సర్లు పెరుగుతాయా అని చూశారు. 759 కుక్కలు! అంకె చూస్తే మోజే. అయితే అవి ఒకే యూనివర్సిటీ ఆసుపత్రి పాత రికార్డులు. ఆడ, మగ, ఆపరేషన్ వయసు అని విడదీస్తే ఒక్కో గుంపులో జబ్బు పడ్డవి కొన్నే మిగులుతాయి. పైగా ఎవరికి ఎప్పుడు చేయాలో నిర్ణయించింది పరిశోధకులు కాదు, యజమానులు. ఆ కుక్కల బరువు, పోషణ కూడా తేడాగా ఉండి ఉండొచ్చుగా. నన్నడిగితే కారణం తేల్చే విషయంలో 31 పిల్లుల పేపరే గట్టిది.

పిపెట్‌రాజు: బాగా చెప్పారు. కానీ ఎఫ్ఐపీ పిల్లి పొట్ట నీరు చేరి ఉబ్బడం ఒక్కసారైనా చూడనివాళ్లకి ఆ 25 విలువ తెలుస్తుందా? ఈ తీర్పు మీకు కేసుల్లోంచి వచ్చిందే, పేపర్లోంచి కాదు.

పాతకేసుషీటు: కొంత నిజమే. పొట్టలో నీరు లాంటి లక్షణాల దాకా మీ మాట ఒప్పుకుంటా, రికార్డుల్లో దాగిన పక్షపాతానికి మాత్రం కేసులు పనికిరావు. రోజూ కేసులు చూసేవాళ్లే తమ ఆసుపత్రిని లోకమంతా అనుకుంటారు.

గిట్టలడాక్టర్: తోకచుక్కగారూ, మధ్యేమార్గం ఒకటుంది. ఒకే ప్రశ్న మీద వచ్చిన పేపర్లన్నీ వెతికి, ఇద్దరు విడివిడిగా మార్కులేసి, తేడాలొచ్చిన చోట వాదించుకుని సిస్టమాటిక్ రివ్యూ రాయండి. కొత్తగా ఒక్క జంతువూ అక్కర్లేదు, థీసిస్‌కీ సరిపోతుంది.

తోకచుక్క: ఆ రెండో మనిషిగా మా గైడ్‌ని అడగొచ్చా?

పాతకేసుషీటు: వద్దమ్మా, బ్యాచ్‌మేట్‌ని పట్టుకో. గైడ్ వేసిన మార్కుతో విభేదించడానికి మొహమాటం అడ్డొస్తుంది.