ఫ్లెక్స్ షాపు పని చేస్తూ స్టాక్ సైట్లలో వెక్టర్లు అమ్మడం: ఎక్కడ మొదలుపెట్టాలి?

గడియారం సెంటర్ (నల్గొండ):
అందరికీ నమస్తే. తొమ్మిదేళ్లుగా ఫ్లెక్స్ ప్రింటింగ్ షాపులో డిజైనర్‌గా చేస్తున్నా. కోరల్‌డ్రా సాఫ్ట్‌వేర్ చేతికి బాగా అలవాటు. పండుగలకు, ఎన్నికలకు తినే టైం కూడా ఉండదు, తర్వాత మళ్లీ నెలల తరబడి గిరాకీ ఉండదు. ఆ ఖాళీలో నా బొమ్మలు నా పేరు మీద అమ్ముకుందామని పోయిన నెల ఒక స్టాక్ సైట్‌లో (మనం పెట్టిన బొమ్మలను జనం డబ్బు కట్టి డౌన్‌లోడ్ చేసుకునే వెబ్‌సైట్) 12 వెక్టర్ ఫైళ్లు (ఎంత పెద్దవి చేసినా చెదరని గీతల బొమ్మలు) పెడితే 11 రిజెక్ట్ అయ్యాయి. అందులో ఒక బతుకమ్మ ఉంది, రెండు రాత్రులు కూర్చుని వేసింది. మనసు బాగా నొచ్చుకుంది. ఎక్కడ తప్పు చేస్తున్నానో తెలిసినవాళ్లు చెప్పండి.

పాలమూరు పెన్‌టూల్:
అన్నా, ఆ బతుకమ్మకు షాడో, గ్లో ఎఫెక్టులు వేశారా? కోరల్ నుంచి ఈపీఎస్ (సైట్లకు పంపే వెక్టర్ ఫైల్ రకం) తీసేటప్పుడు అవి చాలావరకు బిట్‌మ్యాప్ (ఫొటోలాగా చుక్కల బొమ్మ) అయిపోతాయి, వెక్టర్ ఫైల్‌లో బిట్‌మ్యాప్ ఉంటే తీసుకోరు. అడోబ్ ఇల్లస్ట్రేటర్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి కంట్రోల్ వై కొట్టండి, రంగులు పోయి అవుట్‌లైన్ గీతలే కనిపిస్తాయి. గీతలు కనిపించాల్సిన చోట ఖాళీ డబ్బా కనిపిస్తే అదే కారణం. షాడో కావాలంటే ముదురు రంగుతో ఇంకో షేప్ గీసి కింద పెట్టండి.

ఇంకోటి. మన షాపుల్లో అను ఫాంట్స్ అనే తెలుగు అక్షరాలతో పేరు కొట్టి అలాగే ప్రింటింగ్‌కు పంపేస్తాం, ఇక్కడ అది నడవదు. కోరల్‌లో కంట్రోల్ క్యూతో కర్వ్స్ చేయాల్సిందే, అంటే అక్షరాలను గీతల షేపులుగా మార్చాలి. అసలు అక్షరాలే తీసేయమని నా సలహా, కొన్నవాళ్లు వాళ్ల మాట వాళ్లు రాసుకుంటారు.

సైజు విషయంలో ఆర్ట్‌బోర్డు (బొమ్మ గీసే పేజీ) 4000 బై 4000 పిక్సెల్లు పెట్టుకోండి. 16 మెగాపిక్సెల్లు అవుతుంది. స్టాక్ సైట్లలో అడోబ్ స్టాక్ కనీసం 15 అడుగుతుంది, షటర్‌స్టాక్ 25 దాటనివ్వదు. రెండింటికీ ఒకే ఫైల్ సరిపోతుంది. ఈపీఎస్ 10 వెర్షన్‌లో సేవ్ చేయండి.

తంగేడు (దేవరకొండ):
ఫైల్ బాగుచేయడం ఒక నెలలో వస్తుంది అన్నా, కీవర్డ్లే (కొనేవాళ్లు బొమ్మను వెతికే మాటలు) నన్ను ఏడాది సతాయించాయి. నేను కూడా బతుకమ్మతోనే మొదలుపెట్టా. టైటిల్‌లో బతుకమ్మ, కీవర్డ్లలో బతుకమ్మ, తెలంగాణ, సద్దుల బతుకమ్మ అని పెట్టా. మన పండుగ పేరు తెలియని వాళ్లు ఆ మాటతో ఎట్ల వెతుకుతారు? అప్పుడు పేర్చిన బతుకమ్మను విడదీశా. బంతి ఒక ఫైల్, గునుగు ఒక ఫైల్, తంగేడు ఒక ఫైల్. గునుగు కోసం పొలం గట్టు నుంచి కంకులు తెచ్చి టేబుల్ మీద పెట్టుకుని చూస్తూ గీశా: కింద తెలుపు, పైకి పోయేకొద్దీ గులాబీ, కొసన ఉన్న మొగ్గలు సన్నగా, దగ్గర దగ్గరగా. దానికి సెలోషియా అని, బంతికి మారిగోల్డ్, గార్లండ్, ఇండియన్ వెడ్డింగ్ అని పెట్టా. నా ఖాతాలో ఇప్పటికీ ఎక్కువగా పోయేది ఆ బంతి పువ్వే. మొత్తం బతుకమ్మ కూడా ఉంచా, అది పండుగ ముందు కదులుతుంది. అందుకే పండుగ బొమ్మలు రెండు మూడు నెలల ముందే ఎక్కించాలి.

అడోబ్‌లో 49 కీవర్డ్ల దాకా ఇవ్వొచ్చు కానీ మొదటి 10 కీవర్డ్లే ముఖ్యం, వరుస చూసి పెట్టండి. ఇల్లస్ట్రేటర్ కొనలేని వాళ్లకు ఒక మాట: నేను ఇంక్‌స్కేప్‌లోనే గీస్తా, అది ఉచితం. అందులో వచ్చే ఎస్‌వీజీ అనే వెక్టర్ ఫైల్‌ను కూడా అడోబ్ స్టాక్ తీసుకుంటుంది.

కొత్తగా చేరిన (వనపర్తి):
డబ్బులు ఎంత వస్తాయి?

పాలమూరు పెన్‌టూల్:
తమ్మీ, మొదట్లో చాలా తక్కువ, ముందే తెలుసుకో. షటర్‌స్టాక్‌లో 2020 జూన్ నుంచి లెవెల్ పద్ధతి, అమ్మకంలో మన వాటా లెవెల్‌ను బట్టి 15 శాతం నుంచి 40 దాకా, జనవరి 1 రాగానే అందరూ మళ్లీ మొదటి లెవెల్‌కు. సబ్‌స్క్రిప్షన్ డౌన్‌లోడ్ అయితే 10 సెంట్లు కూడా రావొచ్చు. అడోబ్‌లో వెక్టర్లకు 33 శాతం. 25 డాలర్లు చేరితేనే అడోబ్ నుంచి తీసుకోగలవు. డబ్ల్యూ-8బెన్ అనే అమెరికా పన్ను ఫారం నింపడం మాత్రం వాయిదా వేయొద్దు, పాన్ నంబర్ దగ్గర పెట్టుకో. నింపకపోతే అమెరికా అమ్మకాల మీద 30 శాతం పన్ను పట్టుకుంటారు, మన దేశంతో ఉన్న పన్ను ఒప్పందం చూపిస్తే 15.

మగ్గం ఇల్లు (పుట్టపాక):
నేను నేత ఇంటి పిల్లను, ఇక్కత్ ప్యాటర్న్లు మాత్రమే పెడతాను. స్టాక్ సైట్లలో ఇక్కత్ పేరుతో ఉన్నవి చూస్తే చాలావాటికి అంచులు కత్తితో కోసినట్టు ఉంటాయి. ఇక్కత్‌లో నేయకముందే నూలుకు ముడులు కట్టి రంగు అద్దుతాం, నేసేటప్పుడు పోగులు వెంట్రుకవాసి అటూ ఇటూ జరుగుతాయి, అందుకే పువ్వు అంచు మసకగా, మెట్లు మెట్లుగా వస్తుంది. మా నాన్న డిజైన్ వేసే గ్రాఫ్ కాగితం స్కాన్ చేసుకుని, ఒక్కో గడిని సన్నని నిలువు పట్టీలుగా గీసి, వాటిని కొంచెం కొంచెం పైకీ కిందికీ జరుపుతాను. టైల్‌ను (ప్యాటర్న్‌లో మళ్లీ మళ్లీ వచ్చే ముక్క) పక్కపక్కన పెట్టి బాగా జూమ్ చేసి చూడాలి, వెంట్రుకంత తెల్ల గీత కనిపించినా ప్యాటర్న్ పనికిరాదు.

ఒక విన్నపం. ఎవరో నేసిన చీర ఫొటో తీసి దాని మీద ట్రేస్ చేయకండి. ఆ డిజైన్ వెనక ఒక ఇల్లు నెలల తరబడి పడ్డ కష్టం ఉంటుంది. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో, మా తేలియా రుమాలుకు 2020లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది, ఆ పేర్లు మగ్గం మీద నేసిన బట్టవి. కంప్యూటర్‌లో గీసినదానికి ఇక్కత్ ప్యాటర్న్ అని రాస్తే చాలు.

కొత్తగా చేరిన (వనపర్తి):
ఏఐతో చేసి పెడితే తొందరగా అవుతుంది కదా?

తంగేడు (దేవరకొండ):
షటర్‌స్టాక్ మన దగ్గర నుంచి ఏఐ బొమ్మలు తీసుకోదు. అడోబ్ తీసుకుంటుంది, ఏఐతో చేసినట్టు తప్పనిసరిగా టిక్ పెట్టాలి. కానీ తమ్మీ, ముందు ఒక పువ్వు నీ చేత్తో గీసి చూడు.

గడియారం సెంటర్ (నల్గొండ):
నిన్న రాత్రి షాపు మూసేశాక ఫైల్ తెరిచి కంట్రోల్ వై కొట్టా. బతుకమ్మ కింద ఉన్న తాంబాలం నీడ, పైన గౌరమ్మ చుట్టూ వెలుగు, రెండు చోట్లా ఖాళీ డబ్బాలే! షాడో షేప్‌తో మళ్లీ గీశా. గునుగు వరసలను విడదీస్తుంటే నేను అన్ని పువ్వులకూ ఒకే గులాబీ రంగు పోసేశానని కనిపించింది. తంగేడు అక్కా, ఆదివారం మా ఊరికి పోతున్నా, చెరువు కట్ట మీద గునుగు ఉంటుంది, తెచ్చుకుంటా. మగ్గం ఇల్లు గారూ, మీ ప్యాటర్న్ ఒకటి అవుట్‌లైన్‌లో ఎలా ఉంటుందో స్క్రీన్‌షాట్ పెడతారా?