డాడ్జ్ లైను వేశాడా, ఫోటో దిగాడా?

పాతపటం: అమెరికా తూర్పు, పడమరలను కలిపిన మొదటి రైలు మార్గం పూర్తయిన రోజు, 1869 మే 10న, యూటాలోని ప్రామంటరీ సమ్మిట్ దగ్గర తీసిన ఫోటో చూసే ఉంటారు. ఎదురెదురుగా ఆగిన రెండు ఇంజన్ల మధ్య చేతులు కలిపిన ఇద్దరిలో ఒకరు గ్రెన్విల్ డాడ్జ్. అంతర్యుద్ధంలో జనరల్, తర్వాత తూర్పు నుంచి ఆ లైను వేసిన యూనియన్ పసిఫిక్ కంపెనీకి చీఫ్ ఇంజనీరు. ఆ లైను ఘనత ఆయనదేనా?

లెవెల్‌మిషన్: కాదు. 1865లో అక్కడి ఆదివాసీ తెగలవాళ్లు వెంటపడితే గుట్ట దిగుతూ లైనుకి పనికొచ్చే కొండదారి కనిపెట్టానని ఆయన చెప్పుకున్నదే. మరుసటేడు కొలిచి అలైన్‌మెంట్, అంటే లైను సరిగ్గా ఎటు పోవాలో తేల్చింది కంపెనీ సర్వేయరు జేమ్స్ ఎవాన్స్. కంటితో చూస్తే సర్వే అయిపోతుందా?

స్లీపర్‌క్లాస్: పట్టాలు వేసింది కాంట్రాక్టరు జాక్ కేస్‌మెంట్ మనుషులు. ఎక్కువమంది ఐరిష్‌వాళ్లు.

జనరల్‌అభిమాని: యుద్ధంలో పై జనరల్ గ్రాంట్ చెప్తే నాష్‌విల్, డెకేటర్ మధ్య రైలు లైను మీద 182 వంతెనలు 40 రోజుల్లో లేపాడండీ. అట్లాంటా దగ్గర తలకు తూటా తగిలింది. ఇంకేం కావాలి?

లెవెల్‌మిషన్: వంతెనల సంగతి ఎవరడిగారు? కొండదారి ఎవరిది?

చిన్నస్టేషన్: ఫోటోలో ఇంజను మీంచి చాపిన ఆ సీసాలేంటి?

లెవెల్‌మిషన్: ఒక డబ్లింగ్ (రెండో లైను వేసే) పనిలో నాలుగు నెలలు ఎండలో స్టాఫ్, అదే కొలతల కర్ర, పట్టించి రీడింగులు రాసుకున్నాను. డ్రాయింగ్ మీద సంతకం ఇంకొకాయనది. ప్రారంభం రోజు నన్ను తాడు అవతల నిలబెట్టారు.

జనరల్‌అభిమాని: మీ కడుపుమంట చచ్చిపోయినాయన మీద చూపిస్తే ఎలా?

లెవెల్‌మిషన్: కడుపుమంటే! పీటర్ డే ఎవరో తెలుసా? డాడ్జ్‌కి ముందు చీఫ్ ఇంజనీరు. మైలుకి 30,000 డాలర్లు చాలన్నాడు. కంపెనీ 50,000కి కాంట్రాక్టు ఇచ్చింది. 1864 డిసెంబరులో రాజీనామా పడేశాడు. 1866లో ఆ కుర్చీలో డాడ్జ్ దర్జాగా కూర్చున్నాడు.

జనరల్‌అభిమాని: డే వెళ్లిపోతే దోపిడీ ఆగిందా? అందరూ అలా లేచి వెళ్లిపోతే పని ఎవరు చేస్తారు? ఎక్కువ కొలతలున్న బిల్లు మీద నేనూ ఒకసారి సంతకం పెట్టాను. ఇద్దరు ఆడపిల్లల ఫీజులు కట్టాలి, ఏం చేయమంటారు? వంతెన మాత్రం నిలబడింది. ఇప్పటికీ బళ్లు దాని మీదే పోతున్నాయి.

పాతపటం: కాస్త నెమ్మదిగా, అన్నా.

లెవెల్‌మిషన్: సరే. కొండదారి మాత్రం ఎవాన్స్‌ది. ఒప్పుకున్నట్టేగా?