మూడేళ్ల పాపతో డార్విన్ నుంచి బ్రూమ్ దాకా క్యారవాన్‌లో వెళ్లొచ్చా?

మెల్‌బోర్న్_నాన్న:
అందరికీ నమస్కారం. కంపెనీలో ఏడేళ్లు నిండాయి, ఆరు వారాల లాంగ్ సర్వీస్ లీవ్ వచ్చింది. జూన్ చివర్లో విమానంలో ఉత్తర ఆస్ట్రేలియాలోని డార్విన్ వెళ్లి, అక్కడ కారు, దాని వెనక తగిలించే క్యారవాన్ (చక్రాల మీది ఇల్లు) అద్దెకు తీసుకుని కకడు, క్యాథరిన్, కనునర్రా మీదుగా బ్రూమ్ చేరాలని ప్లాన్. అంతా తారు రోడ్డే. మట్టిదారి అయిన గిబ్ రివర్ రోడ్డు జోలికి వెళ్లం. పాపకి మూడేళ్లు, బాబుకి ఆరు. పాప చిన్నది, ఇప్పుడొద్దని మా ఆవిడ భయపడుతోంది. పిల్లలతో వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి, సేఫేనా?

కృష్ణలంక:
వద్దు. క్యాథరిన్ నుంచి కనునర్రా 512 కిలోమీటర్లు. ఇంచుమించు హైదరాబాద్ నుంచి తిరుపతి అంత దూరం. మధ్యలో ఆసుపత్రి ఉన్న ఊరు ఒక్కటి లేదు, ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు. రాత్రి పాపకి జ్వరం పెరిగి ఫిట్స్ వస్తే ఎవర్ని పిలుస్తారు? పైగా మూడేళ్ల పిల్లకి ఇవన్నీ గుర్తుంటాయా?

బండి_బ్రిస్బేన్:
2022లో మేం ఇదే రూట్లో వెళ్లాం. అప్పుడు మావాళ్లకి నాలుగు, ఏడు. రోజుకి 300 కిలోమీటర్లు మించకుండా పెట్టుకున్నాం. బాగా తెల్లారాకే బయల్దేరి, మధ్యాహ్నం రెండింటికల్లా క్యారవాన్ పార్కులో ఆగిపోయేవాళ్లం. పొద్దు వాలితే కంగారూలు రోడ్డెక్కుతాయి, కంచెల్లేని పశువులూ వస్తాయి. మీరన్న ఆ 512 మేం రెండు రోజులు చేసుకున్నాం, రాత్రికి టింబర్ క్రీక్‌లో ఆగి.

నన్ను భయపెట్టింది రోడ్ ట్రెయిన్లు, అంటే వరసగా ట్రెయిలర్లు లాగే లారీలు. ఒక్కోటి 50 మీటర్లు దాటి ఉంటుంది. ఎదురుగా వచ్చి దాటిపోతుంటే ఆ గాలికి వెనకున్న క్యారవాన్ ఊగుతుంది. స్టీరింగ్ గట్టిగా పట్టుకుని, వేగం తగ్గించి ఎడమకి ఉండాలి. యూహెచ్ఎఫ్ రేడియో 40వ ఛానెల్‌లో పెట్టుకుంటే ఆ లారీ డ్రైవర్ల మాటలు వినిపిస్తాయి.

గుర్తుంటుందా అంటారా? మా చిన్నోడు బోవాబ్ చెట్టుకి అక్కడే 'కుండ చెట్టు' అని పేరు పెట్టాడు. నిన్న కూడా దాని బొమ్మ గీశాడు.

కూలర్‌బాక్స్:
కనునర్రాకి ముందు వెస్టర్న్ ఆస్ట్రేలియా బోర్డర్‌లో బండి చెక్ చేస్తారు. పళ్లు, కూరగాయలు, తేనె దాటనివ్వరు. మా పచ్చిమిర్చి, నిమ్మకాయలు, కరివేపాకు అన్నీ పోయాయి. ముందురోజే వండేయండి, మిగతావి కనునర్రాలో కొనుక్కోండి.

కృష్ణలంక:
512 గురించి అడిగితే కుండ చెట్ల గురించి చెబుతున్నారు. మధ్యలో ఆసుపత్రి ఉందా, లేదా?

టాపెండ్_నర్సు:
తొమ్మిదేళ్లుగా ఇక్కడే పనిచేస్తున్నాను కాబట్టి చెబుతున్నా. టింబర్ క్రీక్‌లో క్లినిక్ ఉంది. ఆ తర్వాత కనునర్రా, హాల్స్ క్రీక్, ఫిట్జ్‌రాయ్ క్రాసింగ్, డెర్బీ, బ్రూమ్, అన్నిచోట్లా ఆసుపత్రులున్నాయి. పరిస్థితి విషమిస్తే విమానంలో పెద్ద ఊరికి తీసుకెళ్తారు. 1928లో మొదలైన రాయల్ ఫ్లయింగ్ డాక్టర్ సర్వీస్ ఉన్నది దానికే. సిగ్నల్ లేనిచోట శాటిలైట్ ఫోన్ లేదా పీఎల్‌బీ (ఆపదలో మనం ఎక్కడున్నామో శాటిలైట్ ద్వారా తెలిపే చిన్న పరికరం) ఉండాలి. కొనక్కర్లేదు, అద్దెకూ దొరుకుతాయి.

జ్వరంతో ఫిట్స్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టొద్దు, టైమ్ చూడండి. ఐదు నిమిషాలు దాటితే ఎమర్జెన్సీ. ఇది మెల్‌బోర్న్‌లో ఉన్నా తెలిసి ఉండాల్సిందే.

నీళ్ల విషయంలో మాత్రం నేను రాజీపడను. బోర్డు లేనంత మాత్రాన మొసలి లేదని కాదు. డార్విన్ దగ్గర ఈత కొట్టడానికి తెరిచి ఉంచిన వాంగీ ఫాల్స్ అనే జలపాతంలోనే 2023 జూలైలో ఒకాయన్ని మొసలి కరిచింది. నది ఒడ్డున గిన్నెలు కడగొద్దు, పాపని అంచుకి పోనివ్వొద్దు. సముద్రంలో విషంతో కుట్టే బాక్స్ జెల్లీఫిష్ ఎక్కువగా అక్టోబర్ నుంచి మే దాకా ఉంటాయి, జులైలో అసలుండవని అనుకోకండి. కుడితే పోయడానికి కారులో వెనిగర్ సీసా పెట్టుకోండి. సాయంత్రం పిల్లలకి పొడుగు చేతుల చొక్కాలు వేయండి. ముర్రే వ్యాలీ ఎన్‌సెఫలైటిస్ అనే మెదడువాపు దోమల వల్ల వస్తుంది, దానికి టీకా లేదు.

కృష్ణలంక:
క్లినిక్ అంటే ఆసుపత్రి కాదు కదమ్మా. మా పెద్దోడికి ఏడాదిన్నరప్పుడు ఫిట్స్ వచ్చాయి. మేముండేది సిడ్నీలో. అంబులెన్స్ రావడానికి 20 నిమిషాలు పట్టింది. ఆ 20 నిమిషాలు ఎలా గడిచాయో నాకు తెలుసు. అదే అక్కడైతే ఎన్ని గంటలు?

బండి_బ్రిస్బేన్:
అన్నా, ఆ ఊళ్లలో పిల్లలు పుట్టి పెరగట్లేదా? ఆబొరిజినల్ కుటుంబాలు తరతరాలుగా అక్కడే ఉన్నాయి. పశువుల స్టేషన్లలో, అంటే పెద్ద పశువుల ఫారాల్లో, పసిపిల్లల తల్లులున్నారు. మీ లెక్కన వాళ్లంతా పిల్లల్ని అపాయంలో పెడుతున్నట్టేనా? నర్సు గారు ఇంత వివరంగా చెప్పాక కూడా అదే నంబరు పట్టుకుని వేలాడుతున్నారు. మీకు ఈ ట్రిప్పే నచ్చలేదు, అది చెప్పండి.

కృష్ణలంక:
అవును, నచ్చలేదు. 2016లో నాకూ ఇలాగే పెద్ద సెలవు వచ్చింది. టాస్మానియా తిరిగాం, గ్రేట్ ఓషన్ రోడ్డు తిరిగాం. ఇండియా వచ్చే ఏడాది వెళ్దామనుకున్నాం. ఆ ఆగస్టులోనే మా అమ్మ పోయింది. మా చిన్నోణ్ని ఆవిడ ఒక్కసారైనా ఎత్తుకోలేదు, ఫోన్‌లో చూడ్డమే. వాడికి గుమ్మాలు దిగేటప్పుడు కాళ్లు తడబడతాయని విని, 'మెల్లగా రా నాన్నా' అని ఫోన్‌లోనే చెప్పేది. ఏటా వచ్చే నాలుగు వారాలు వేరు. ఇది ఏళ్లకొకసారి వచ్చే సెలవు. ఇంటి దగ్గర పెద్దవాళ్లుంటే అది వాళ్లకి చెందాలి.

బండి_బ్రిస్బేన్:
ఈ మాట మొదటే అని ఉంటే ఇంతసేపు దూరాలు లెక్కపెట్టేవాళ్లం కాదన్నా. మీ బాధ నాకు అర్థమైంది, కానీ ఒప్పుకోను. ఐదేళ్లు వరసగా సెలవులన్నీ ఊరికే పెట్టాం. పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, బ్యాంకు పనులు. మా నాన్న పక్కన నేను తీరిగ్గా కూర్చున్నది మొత్తం కలిపితే పది రోజులుండదు. నా పిల్లలు పుట్టింది ఈ దేశంలో. ఇల్లు, స్కూలు, ఎయిర్‌పోర్టు తప్ప ఇందులో వాళ్లేమీ చూడలేదు. వాళ్లకీ ఒక సెలవు రావాలి.

తెనాలి_అమ్మాయి:
ఈ పోస్టు పెట్టినాయన భార్యని నేను. మొత్తం చదివాను. మొసళ్ల గురించి నేను ఒక్క మాట కూడా అనలేదు. కనునర్రా దగ్గరి ఆర్గైల్ లేక్ వీడియో ఆయనకి పంపిందే నేను. 'ఇప్పుడొద్దు' అన్నాను, నిజమే. మా అమ్మకి మోకాలి ఆపరేషన్ అయింది, అంత దూరం ప్రయాణం చేసి ఇక్కడికి రాలేదు. పాపని చివరిసారి చూసినప్పుడు దానికి తొమ్మిది నెలలు. 'మరి తెనాలి ఎప్పుడు?' అని మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ ఆయన హోటల్ కంటే క్యారవాన్ ఎంత చవకో చెప్పారు.

మెల్‌బోర్న్_నాన్న:
ఆఫీసులో ఉన్నాను, ఇప్పుడే చదివాను. నువ్వు అడిగింది గుర్తుంది. డబ్బుల గురించి అడుగుతున్నావనుకున్నాను. క్యారవాన్ డిపాజిట్ ఇంకా కట్టలేదు, శుక్రవారం దాకా టైముంది. ఆరింటికల్లా ఇంటికి వస్తాను.