రొంప వైరస్‌ని యాంటీబాడీ ఎలా ఆపుతుంది? సెమినార్‌కి సాయం కావాలి

చంపావతి_ఒడ్డు (విజయనగరం):
ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ సెమినార్. మూడు సందేహాలు. రైనోవైరస్ (రొంపకి ముఖ్య కారణమైన వైరస్) మన కణానికి అతుక్కునే చోటు ఇరుకు లోయలా ఉంటుందనీ, యాంటీబాడీ లావు కాబట్టి అందులో దూరలేదనీ నోట్సులో ఉంది. దూరలేనిది ఆపడమేటి? రెండోది, న్యూట్రలైజేషన్ టెస్ట్‌లో (సీరమ్‌లోని, అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవంలోని, యాంటీబాడీలు వైరస్‌ని ఆపుతాయో లేదో చూసేది) ఒకే సీరమ్‌కి ఒకసారి టైటర్ (ఎన్ని రెట్లు పలచన చేసినా ఆపగలదో ఆ అంకె) 64, ఇంకోసారి 8 వస్తే తప్పు ఎక్కడున్నట్టు? మూడోది, సిరిమానోత్సవం అయ్యాక ఇంటింటా రొంపే. నిరుడు వచ్చినవాళ్లకే మళ్లీ ఎందుకు?

నాగావళి_వంతెన (శ్రీకాకుళం):
ఆ నోట్సు పాతది. 1985లో రాస్‌మన్ బృందం రైనోవైరస్ 14 నిర్మాణం బయటపెట్టినప్పుడు వచ్చిన ఊహ అది. వైరస్ అడ్డంగా 30 నానోమీటర్లు, లోయ లోతు దాదాపు 2. మన కణం మీద వైరస్ పట్టుకునే రిసెప్టర్ (ఐకామ్-1 అని తర్వాత తేలింది) కొన సన్నం కాబట్టి దిగుతుంది, యాంటీబాడీ దిగదు, అందుకే లోయ అడుగు మారకుండా దాక్కుంది అన్నారు. వినడానికి బాగుంది. కానీ 1996లో 17-ఐఏ అనే యాంటీబాడీ ఆ లోయలోకే దిగి కూర్చోవడం చూపించారు. సెమినార్‌లో ఈ రెండూ చెప్పు బాబూ, ఒకటే చెబితే ప్రశ్నల దగ్గర దొరికిపోతావు.

అసలు లోయలోకి దిగక్కర్లేదు కూడా. గట్టు మీద కూర్చున్నా రిసెప్టర్‌కి దారి మూసుకుపోతుంది. యాంటీబాడీకి రెండు చేతులు. రెండూ ఒకే వైరస్‌ని పట్టుకుంటే ఆ పట్టు ఒంటిచేతి పట్టుకంటే చాలా గట్టిది. చెరో వైరస్‌నీ పట్టుకుంటే అవి గుంపు కడతాయి. కొన్ని యాంటీబాడీలు పైపెంకు విచ్చుకోకుండా బిగించేస్తాయి, అప్పుడు లోపలి ఆర్‌ఎన్‌ఏ బయటికి రాదు. "చంపుతుంది" అనే మాట మాత్రం స్లైడ్‌లో రాయకు. ఇక్కడ జరిగేది అడ్డుపడటం.

96_వెల్స్:
64, 8 మధ్య మూడు మెట్లు (మూడు రెట్టింపులు) తేడా. ఒక మెట్టు తేడా మామూలే, మూడంటే వైరస్ డోసునే ముందు అనుమానించాలి.

సీరమ్‌ని 56 డిగ్రీల్లో 30 నిమిషాలు ఉంచి కాంప్లిమెంట్‌ని (యాంటీబాడీకి తోడుపడే రక్త ప్రోటీన్లు) పోగొట్టాలి. 1:4 నుంచి రెట్టింపు పలచనలు, వెల్‌కి (ప్లేటులో ఒక్కో గుంటకి) 50 మైక్రోలీటర్లు. దానికి 100 టీసీఐడీ-50 (ఒక టీసీఐడీ-50 అంటే సగం వెల్స్‌లో కణాలు పాడయ్యే మోతాదు) ఉన్న వైరస్ 50 మైక్రోలీటర్లు. గంట ఆగి హీలా కణాలు (ల్యాబ్‌లో పెంచే మనిషి కణాలు) వెయ్యాలి. ఇంక్యుబేటర్ 33 డిగ్రీలు. అలవాటుగా 37లో పెట్టేస్తారు, ముక్కులో పెరిగే వైరస్ అక్కడ నీరసపడుతుంది.

అదే రోజు అదే వైరస్‌ని బ్యాక్ టైట్రేషన్ (వేసిన డోసునే మళ్లీ పలచన చేసి కొలవడం) చెయ్యకపోతే ఆ ప్లేటు లెక్కలోకి రాదు. అసలు పలచన, పదో వంతు: అన్ని వెల్స్‌లోనూ కణాలు పోవాలి. నూరో వంతు: సగం. వెయ్యో వంతు: ఏదీ పోకూడదు. డోసు 30 నుంచి 300 మధ్య ఉంటే సరే. వెయ్యి పడితే టైటర్ కిందికి, పది పడితే పైకి పోతుంది. నీ 64కీ 8కీ కారణం అక్కడే దొరకొచ్చు.

ఇంకోటి, మీడియం రంగు చూడు. పసుపు తిరిగితే ఆమ్లం. రైనోవైరస్ ఆమ్లానికి చచ్చిపోతుంది, నువ్వేమో సీరమ్ గొప్పతనం అనుకుంటావు. వైరస్ లేకుండా సీరమ్ ఒక్కటే వేసిన వెల్ కూడా ఉండాలి, సీరమే కణాల్ని పాడుచేస్తోందేమో తెలియడానికి. సి జాతి రైనోవైరస్‌లతో మామూలు హీలాలో ఈ టెస్ట్ పెట్టకు. వాటికి కావలసిన సీడీహెచ్‌ఆర్-3 రిసెప్టర్ అందులో లేదు.

నాగావళి_వంతెన:
మూడోదానికి. రైనోవైరస్‌లు ఎ, బి, సి కలిపి 160కి పైగా రకాలు. ఒకదాని మీద పుట్టిన యాంటీబాడీ పక్క రకాన్ని చాలావరకు పట్టించుకోదు. టీకాకి అడ్డం ఇదే, లోయ కాదు. 2016లో 50 రకాలు కలిపిన టీకా ఇస్తే కోతుల్లో యాంటీబాడీలు వచ్చాయి, కానీ అన్ని రకాలు ఒక్క సూదిలో పెట్టడం వ్యాపారంగా గిట్టే పనా? పైగా రొంపంతా రైనోవైరస్ కాదు. 229ఇ లాంటి జలుబు కరోనావైరస్ ఏడాది తిరిగాక అదే మనిషికి మళ్లీ అంటుతుంది, ముక్కులో ఐజీఏ (తడి పొరల మీద ఉండే యాంటీబాడీ రకం) తగ్గిపోతుంది కనక.

ఇంకో పొరపాటు చాలామంది చేస్తారు: ఈ వారం రొంపని తగ్గించింది కొత్త యాంటీబాడీలే అనుకోవడం. అవి ఒకటి నుంచి మూడు వారాలకు గాని కొలతకి అందవు, ఈలోగా ముక్కు ఆరిపోతుంది. ముందు కాపలా ఇంటర్‌ఫెరాన్‌లది (వైరస్ సోకిన కణాలు వదిలే హెచ్చరిక ప్రోటీన్లు).

చంపావతి_ఒడ్డు:
బోధపడింది మాస్టారూ. గుంపు కట్టడం దగ్గర ఒకటి: సీరమ్ ఎక్కువ వేస్తే గుంపులు పెరగాలి కదా?

96_వెల్స్:
తిరగబడుతుంది. యాంటీబాడీ మరీ ఎక్కువైతే ప్రతి వైరస్ ఒంటినిండా అవే కప్పుకుంటాయి, పక్కదాన్ని పట్టుకోవడానికి చేతికి చోటు మిగలదు. గుంపులు మధ్యస్థ మోతాదులోనే. ప్లాక్ (కణాల పొరలో వైరస్ చేసే కన్నం) లెక్కలో ఇంకో మోసం: పది వైరస్‌ల గుంపు ఒక్క ప్లాక్‌గానే కనిపిస్తుంది, తొమ్మిది "పోయాయి" అనిపిస్తుంది. పోలియోవైరస్‌లోనైతే ఆమ్లంతో యాంటీబాడీని విడదీసి చూడొచ్చు, వైరస్ మళ్లీ అంటుతుంది. రైనోకి ఆ ఉపాయం పనికిరాదు, కారణం పైన పసుపు మీడియం దగ్గర చెప్పిందే.