స్టీల్ పైపు పైల్ తల క్యాప్‌లోకి ఎంత దిగాలి?

ప్రశ్న:
పైపు పైల్స్ (పునాది కోసం నేలలోకి దింపే స్తంభాలు) బయటి వ్యాసం 406 మి.మీ., గోడ మందం 10. వాటి తలల్ని కలిపే కాంక్రీటు దిమ్మె, అంటే క్యాప్, మందం 900, కాంక్రీటు 30 గ్రేడ్. ఒక్కో పైల్ మీద 1200 కిలోన్యూటన్ల బరువు, గాలికి 250 పైకి లాగుడు. డ్రాయింగ్‌లో తల 150 మి.మీ. లోపలికి రావాలని ఉంది, లెక్కల్లో మాత్రం జాయింట్ ఫిక్స్‌డ్ (తిరగకుండా బిగిసినది) అని పట్టుకున్నారు. 150 చాలుతుందా? క్యాప్ అడుగు మెష్‌కి (కడ్డీల వలకి) పైపులు అడ్డొస్తున్నాయి, కడ్డీలు కోయొచ్చా?

జవాబు:
చాలదండీ. 150 అంటే పిన్డ్ (వంపుని ఆపలేక తిరిగే జాయింట్) కిందే లెక్క. పైపు వంగబోతే క్యాప్ కాంక్రీటు దాన్ని ఒక పక్క పైన, రెండో పక్క కింద ఒత్తి పట్టుకోవాలి. ఆ పట్టు లోతు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఒత్తిడి 13.5 మెగాపాస్కల్స్ అనుకుని, షీర్ (పక్కకి తోసే బలం) కలపకుండా చూసినా 150 లోతుకి దాదాపు 31 కిలోన్యూటన్ మీటర్లే, 400కి 219. తల 400 దింపండి, లేదా పైపు లోపల కాంక్రీటు ప్లగ్ (పై భాగంలో నింపే కాంక్రీటు దిమ్మ), అందులోంచి క్యాప్‌లోకి వెళ్లే కడ్డీల కేజ్ ఇవ్వండి.

తల ఖాళీగా వదలొద్దు. పైపు గోడ రింగు వైశాల్యం సుమారు 12,440 చదరపు మి.మీ., 1200 కిలోన్యూటన్లకు 96 మెగాపాస్కల్స్ పడుతుంది. ఆ అంచు క్యాప్‌లోకి దిగబడిపోతుంది. ప్లగ్ నింపి మొత్తం వైశాల్యం మీద మోపితే 9.3.

జవాబు:
లాగుడు సంగతి ప్లగ్‌లోనే తేలుతుంది. 20 మి.మీ. కడ్డీలు 8 వేస్తే ఉక్కుకి ఢోకా లేదు. జారేది పైపు గోడ దగ్గర. మీటరు పొడవు ప్లగ్‌కి 250 లాగుడంటే గోడ మీద 0.2 మెగాపాస్కల్స్, నున్నటి గోడను అంతకి నమ్మలేం. మట్టి తీశాక గోడకి పల్చటి బురద పొర అంటుకునే ఉంటుంది, వేలితో గీస్తే తెలుస్తుంది. ప్రెషర్ నీళ్లతో కడగాలి. పైగా కాంక్రీటు ఆరేకొద్దీ కుంచించుకుని గోడను వదులుతుంది. అందుకే ప్లగ్ ఎత్తులో 12 మి.మీ. చదరపు కడ్డీని రింగులుగా వంచి రెండు మూడు చోట్ల లోపల వెల్డ్ చేయాలి. సైజు, వెల్డ్ డిజైనర్ ఖాయం చేయాలి.

500 గ్రేడ్ 20 మి.మీ. కడ్డీకి పట్టు దొరకాలంటే క్యాప్‌లో సుమారు 900 పొడవు కావాలి. తల 150 దిగితే, పై కవర్ (కడ్డీ మీద ఉండే కాంక్రీటు పొర) పోను మిగిలేది 700. కాబట్టి పైన వంచాల్సిందే.

జవాబు:
మెష్ కోయకండి. 150 దిగిన తల మీదుగా 50 వదిలి మెష్ పరిస్తే ఎఫెక్టివ్ డెప్త్ (క్యాప్ పైనుంచి మెష్ దాకా లోతు) 680 దగ్గరికి తగ్గుతుంది, వంపుకీ పంచింగ్‌కీ (పైల్ క్యాప్‌ని పొడుచుకుపోవడానికి) మళ్లీ లెక్క చూడాలి. తల 400 దింపితే మెష్ పైపుల మధ్యకి రావాలి. అడ్డొచ్చే కడ్డీలను పైపు పక్కలకి జరిపి గుంపుగా వేయించండి. డిజైనర్ ఒప్పుకోకుండా పైపుకి గ్యాస్‌తో బెజ్జాలు పెట్టొద్దు.

క్యాప్‌లోకి వచ్చే భాగానికి పెయింట్ ఉంటే గీకించండి.