సాధన ఉన్నవారికి చెమట తగ్గుతుందా, పెరుగుతుందా?

పాలమూరు_మైదానం: కానిస్టేబుల్ పరీక్షలోని 1600 మీటర్ల పరుగు కోసం మహబూబ్‌నగర్‌లో పద్నాలుగేళ్లుగా పిల్లలను తయారు చేస్తున్నాను. తొలివారం చొక్కా పిండితే నీళ్లు కారే కుర్రవాడికి రెండు నెలలు తిరిగేసరికి చొక్కా పొడిగా ఉంటుంది. ఒళ్లు గట్టిపడిన కొద్దీ చెమట తగ్గుతుందని నా నమ్మకం. కాదనేవారు కారణం చెప్పాలి.

నల్లగొండ_జీవశాస్త్రం: సార్, జరిగేది దీనికి తలకిందులుగా ఉంటుంది. మెదడులోని హైపోథాలమస్ ఒంటి లోపలి వేడినీ, చర్మం పంపే కబురునూ కలిపి చూసుకొని, మన ప్రమేయం లేకుండా పని చేసే సింపథెటిక్ నాడుల ద్వారా స్వేదగ్రంథులను పని చేయిస్తుంది. సాధన ఉన్నవారిలో లోపలి వేడి కొద్దిగా పెరగగానే చెమట మొదలవుతుంది, అదే వేడికి కొత్తవారి కంటే ఎక్కువగా కూడా పడుతుంది. కండరాలు ఖర్చు చేసే శక్తిలో దాదాపు నాలుగింట మూడు వంతులు వేడిగా మారుతుంది కనుక, వేగంగా పరుగెత్తేవారు ఆ వేడిని అంత వేగంగానూ వదిలించుకోవాలి.

పాలమూరు_మైదానం: మీరు పుస్తకంలో ఉన్నది చెబుతున్నారు, నేను కళ్లారా చూసిన చొక్కా గురించి అడుగుతున్నాను. అది పొడిగా ఎందుకుంది?

మిర్యాలగూడ_రైతుబిడ్డ: నాట్లప్పుడు మడిలో వంగితే చెమట ఆరదు, కందిచేనులో ఆరిపోతుంది.

నల్లగొండ_జీవశాస్త్రం: ఆ మాటలోనే జవాబుంది. మీ తొలివారం ఏ కాలంలో వచ్చింది?

పాలమూరు_మైదానం: వానాకాలం చివరి ఉక్కలో మొదలుపెడతాం.

నల్లగొండ_జీవశాస్త్రం: రెండు నెలలకు గాలి పొడిబారుతుంది, చెమట పుట్టిన చోటనే ఆవిరవుతుంది. ఒక లీటరు చెమట ఆవిరైతే సుమారు 580 కిలోకేలరీల వేడి పోతుంది; కారి నేలపాలైన చెమట ఒంటిని చల్లబరచదు. నల్ల బనియను వేసుకొన్న కుర్రవాడి వీపు మీద, సంచి పట్టీ ఆనే చోట, తెల్లటి ఉప్పు చారలను గమనించండి. ఎండలో సాధన చేస్తే 10 నుంచి 14 రోజుల్లో చెమటను బయటికి తెచ్చే స్వేదనాళం ఉప్పులోని సోడియాన్ని వెనక్కి లాక్కోవడం నేర్చుకొంటుంది, ఆల్డోస్టిరోన్ అనే హార్మోన్ అందుకు తోడ్పడుతుంది. శరీరం పొదుపు చేసేది ఉప్పును, నీటిని కాదు.

పాలమూరు_మైదానం: ఉప్పు పొదుపు నేర్చిన ఒళ్లు నీటి పొదుపు నేర్వదా? అందుకే సాధన మధ్యలో నేను నీళ్లివ్వను.

మూసీ_ఒడ్డు: ఈ మాట నమ్మే మా తమ్ముడు పడిపోయాడు. వేరే ఊరి శిక్షణలో, నీళ్లు తాగితే కాళ్లు బరువెక్కుతాయని చెప్పి గంటన్నర పరుగెత్తించారు. వాడు పొంతన లేకుండా మాట్లాడుతుంటే, ఒళ్లు తడిగానే ఉంది కదా, వడదెబ్బ అయితే చెమట ఆగిపోయేదని అరగంట నీడలో పడుకోబెట్టి ఊరుకొన్నారు. పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. మీ చొక్కా లెక్క నాకు అక్కర్లేదు.

పాలమూరు_మైదానం: వేరెవరో చేసిన తప్పును నా మైదానం మీద వేయకండి. నా దగ్గర ఒక్క పిల్లవాడూ పడిపోలేదు.

నల్లగొండ_జీవశాస్త్రం: నింద ఎవరి మీదనైనా ఉండనివ్వండి, పొరపాటు మాత్రం ఒక్కటే. శ్రమతో వచ్చే వడదెబ్బలో ఒళ్లు చెమటతో తడిగా ఉండవచ్చు. లోపలి వేడి 40 డిగ్రీలు దాటి మాట తడబడితే, ముందు చల్లటి నీటిలో ముంచాలి, తొట్టి లేకపోతే ఆపకుండా నీళ్లు పోయాలి, ఎలాగైనా అంబులెన్సును పిలవాలి. ఇక నీటి పొదుపు అంటారా, దాహం అలవాటయ్యేది కాదు. ఒంట్లో నీరు తగ్గితే రక్తం చిక్కబడుతుంది, హైపోథాలమస్ చెమటను ఆలస్యం చేస్తుంది. సాధనతో సంపాదించిన ముందస్తు చెమటను మీరే పోగొడుతున్నారు. అలాగని దాహం లేకున్నా గంటల తరబడి తాగించినా రక్తంలో సోడియం ప్రమాదకరంగా పడిపోవచ్చు.

పాలమూరు_మైదానం: 1600 మీటర్ల పరుగు మధ్యలో ఎవరైనా నీళ్లు తాగుతారా?

మూసీ_ఒడ్డు: ఆ కొద్ది నిమిషాల గురించి ఇక్కడ ఎవరూ అడగలేదు సార్. ఆ పరుగు కోసం మీరు రోజూ చేయించే గంటన్నర సాధనలో, పిల్లవాడు దాహమని చెయ్యెత్తితే బిందె దగ్గరికి వెళ్లనిస్తారా లేదా?

పాలమూరు_మైదానం: ఇప్పటిదాకా వెళ్లనివ్వలేదు. రేపు బిందెను ట్రాక్ పక్కకు తెప్పిస్తాను, కానీ చెమట విషయంలో నా మాట ఇంకా మార్చుకోలేదు.