తెలుగు ఎక్స్‌టెన్షన్‌ను ఓపెన్ వీఎస్‌ఎక్స్‌లో కూడా పెట్టాలా, వద్దా?

చిత్తూరు మాస్టారు:
మా పాలిటెక్నిక్ ల్యాబులో ముప్ఫై పాత కంప్యూటర్లు ఉన్నాయి. అన్నింటిలోనూ లినక్స్, దాని మీద వీఎస్‌కోడియం అనే ఎడిటర్ (మైక్రోసాఫ్ట్ వారి వీఎస్ కోడ్ మూల కోడుతో ఇతరులు తయారుచేసినది). గత వేసవి సెలవుల్లో ఒక మిత్రుడితో కలిసి చిన్న ఎక్స్‌టెన్షన్, అంటే ఎడిటర్‌కు కొత్త పని నేర్పే చేర్పు, రాశాను. తెలుగు ఫైలులో ఒకే మాట రెండు రకాలుగా టైపై ఉంటే అది పట్టి చూపిస్తుంది. ‘సాఫ్ట్‌వేర్’ అనే మాటనే చూడండి. ఒక అబ్బాయి పొల్లు తర్వాత కంటికి కనిపించని విడదీత అక్షరం వేస్తాడు. పక్కనున్న అమ్మాయి వేయదు, అప్పుడు వవత్తు చేరి ‘సాఫ్ట్వేర్’ అవుతుంది. చదివేవారికి రెండూ ఒకటే. వెతికే ప్రోగ్రాముకు మాత్రం వేర్వేరు మాటలు.

దీన్ని వీఎస్ కోడ్ ఎక్స్‌టెన్షన్లు దొరికే మైక్రోసాఫ్ట్ మార్కెట్‌ప్లేస్‌లో పెట్టాను. ల్యాబు తెరిచాక పిల్లలు ఎంత వెతికినా దొరకలేదు. వీఎస్ కోడ్ మూల కోడు 2015 నవంబరు నుంచి ఎంఐటీ లైసెన్సుతో అందరికీ అందుబాటులో ఉంది. మార్కెట్‌ప్లేస్ సంగతి వేరు. దాని నిబంధనల ప్రకారం అక్కడి ఎక్స్‌టెన్షన్లు మైక్రోసాఫ్ట్ వారి విజువల్ స్టూడియో ఉత్పత్తులకే పరిమితం. వీఎస్‌కోడియం తనకు కావలసినవి ఎక్లిప్స్ ఫౌండేషన్ అనే సంస్థ నడిపే ఓపెన్ వీఎస్‌ఎక్స్ అనే మరో ఎక్స్‌టెన్షన్ల మార్కెట్ నుంచి తెచ్చుకుంటుంది. అక్కడ కూడా పెట్టాలని నేను అంటున్నాను, మిత్రుడు వద్దంటున్నాడు. నా పిల్లలకు అందని తెలుగు పనిముట్టు ఎవరి కోసం రాసినట్టు? అనుభవం ఉన్నవారు చెప్పండి.

రేణిగుంట వాసి:
మాస్టారూ, మీ మిత్రుడి మాటే సరైనది. నేను భద్రత విభాగంలో పనిచేస్తాను. ఎక్స్‌టెన్షన్ అంటే రంగులు మార్చే బొమ్మ కాదు. ఎడిటర్ తెరిచిన మనిషికి ఏ ఫైలు చదివే హక్కు ఉందో దానికీ ఆ హక్కు ఉంటుంది. 2025 జూన్‌లో ఓపెన్ వీఎస్‌ఎక్స్‌లో ఒక లోపం బయటపడింది. ఎక్స్‌టెన్షన్లను తనంతట తాను ప్రచురించే ఏర్పాటులోని తాళం (ప్రచురించే అనుమతినిచ్చే రహస్య సంకేతం) దొంగ చేతికి చిక్కే వీలుండేది. చిక్కి ఉంటే ఎవరి ఎక్స్‌టెన్షన్‌నైనా మార్చేసి ఉండేవారు. దాన్ని సరిచేశారు, నిజమే. అదే ఏడాది అక్టోబరులో గ్లాస్‌వార్మ్ అనే హానికర ప్రోగ్రాము వచ్చింది. తెరపై కనిపించని యూనికోడ్ అక్షరాల్లో కోడును దాచి, ప్రచురణకర్తల తాళాలు దొంగిలించి, వాటితోనే మరిన్ని ఎక్స్‌టెన్షన్లలోకి పాకింది. మీ ఎక్స్‌టెన్షన్ పనే కనిపించని అక్షరాలతో. అనుమానం ముందు మీ మీదికే వస్తుంది.

పిల్లలకు కావాలంటే ఎక్స్‌టెన్షన్ మొత్తం ఇమిడి ఉండే వీఎస్‌ఐఎక్స్ ఫైలును పెన్‌డ్రైవులో ఇవ్వండి. ముప్ఫై కంప్యూటర్లకు అరగంట పని.

బాలాజీ కాలనీ:
తిరుపతి నుంచి రాస్తున్నాను. నాలుగేళ్లుగా కోడు వరుసలను చక్కగా సర్దే ఒక ఫార్మాటర్ ఎక్స్‌టెన్షన్‌ను నడుపుతున్నాను, ఇప్పుడు అది రెండు చోట్లా ఉంది. మొదట నేనూ మైక్రోసాఫ్ట్ మార్కెట్‌ప్లేస్‌తోనే సరిపెట్టుకున్నాను. ఒకరోజు ఎవరో ఫిర్యాదు పంపారు, పొడవైన వరుసలు విరిగిపోతున్నాయని. ఆ తప్పు నేను సరిచేసి ఏడు నెలలైంది. రెండు రాత్రులు తల పట్టుకున్నాక గానీ అర్థం కాలేదు, ఆయన వాడుతున్నది ఓపెన్ వీఎస్‌ఎక్స్‌లోని పాత కూర్పు (వెర్షన్) అని. దాన్ని అక్కడ పెట్టింది నేను కాదు. ముక్కూ మొహం తెలియని వ్యక్తి ఎవరో, మంచి మనసుతోనే, నా ఎక్స్‌టెన్షన్‌ను అక్కడ పెట్టి మర్చిపోయాడు. లైసెన్సు ప్రకారం తప్పేమీ లేదు. మాట పడింది మాత్రం నేను.

అందుకే నా అభిప్రాయం గట్టిగా చెబుతున్నాను. బహిరంగ లైసెన్సుతో కోడు విడుదల చేసిన రోజే అది అక్కడికి చేరే దారి తెరిచారు. ఇక తేల్చుకోవలసింది ఒక్కటే, మీ చేతుల మీదుగా చేరాలా, ఇంకొకరి చేతుల మీదుగానా?

రేణిగుంట వాసి:
మేడమ్, మీ కష్టం అర్థమైంది. కానీ అసలు మనిషి అక్కడ ఉన్నంత మాత్రాన రక్ష ఉండదు. 2025 జులైలో కాస్పర్‌స్కీ అనే భద్రత సంస్థ బయటపెట్టిన, సాలిడిటీ అనే ప్రోగ్రామింగ్ భాష ఎక్స్‌టెన్షన్ సంగతి చూడండి. అసలు ఎక్స్‌టెన్షన్ ఓపెన్ వీఎస్‌ఎక్స్‌లోనే ఉంది. అయినా వెతుకులాటలో నకిలీ దానికంటే పైన కనిపించింది. దాన్ని పెట్టుకున్న ఒక డెవలపర్ దాదాపు 5 లక్షల డాలర్ల విలువైన క్రిప్టో పోగొట్టుకున్నాడు. నకిలీని తీసేశాక దొంగలు మళ్లీ వచ్చారు, ఈసారి ప్రచురణకర్త పేరులో చిన్న ఎల్ బదులు పెద్ద ఐ వేసి. ఎడిటర్ చూపించే అక్షరాల్లో ఆ రెండూ ఒకేలా ఉంటాయి. మొదటి ఏడాది చదివే పిల్లలు ఆ తేడా పట్టగలరా?

బాలాజీ కాలనీ:
పట్టలేరు. ఒప్పుకుంటాను, ఈ ఒక్క చోట నా వాదన బలహీనమే. కానీ మీరు చెప్పిన ఉదాహరణ వల్ల ఆ చోటును వదిలేయాలని ఎలా తేలుతుంది? అలిపిరి దగ్గర సంచులు తనిఖీ చేస్తారని ఎవరూ కొండ ఎక్కడం మానలేదు, తనిఖీకి నిలబడి వెళ్తున్నారు. ఇక్కడా మనం నిలబడవలసిన తనిఖీలు ఉన్నాయి. ఓపెన్ వీఎస్‌ఎక్స్‌లో ప్రచురణకర్తగా ఒక పేరు తెరిచినంత మాత్రాన మీరు దాని యజమాని కారు. ఆ పేరు మాదేనని, కోడు పంచుకునే గిట్‌హబ్ సైటులో అందరికీ కనిపించేలా అర్జీ పెట్టాలి. వారు చూసి ధ్రువీకరించే వరకు మీ పేజీలో హెచ్చరిక గుర్తు ఉంటుంది. ముందుగా ఎక్లిప్స్ ఖాతా తెరిచి, ప్రచురణ ఒప్పందం మీద సంతకం చేయాలి. లైసెన్సు లేని ఎక్స్‌టెన్షన్‌ను తీసుకోరు. డబ్బు కట్టనక్కర్లేదు.

తాళాల దొంగతనం గురించి రేణిగుంట గారు చేసిన హెచ్చరికను మాత్రం గట్టిగా పట్టించుకోండి. 2025లో విజ్ అనే సంస్థ రెండు మార్కెట్లనూ జల్లెడ పట్టింది. 500కు పైగా ఎక్స్‌టెన్షన్లలో 550కి పైగా రహస్య తాళాలు బయటపడ్డాయి. రెండు మార్కెట్లలోనూ అని మళ్లీ చెబుతున్నాను. మాస్టారూ, వీఎస్‌ఐఎక్స్ అనేది ఒక జిప్ మూట, అంతే. పేరు చివర జిప్ అని మార్చి విప్పి చూడండి. లోపల ఏమేమి ఉన్నాయో మీ కళ్లతో చూశాకే ఎక్కడైనా పెట్టండి.

పలమనేరు అమ్మాయి:
నేను మాస్టారు చెప్పిన ల్యాబులోనే రెండో ఏడాది చదువుతున్నాను. పెన్‌డ్రైవు గురించి ఒక మాట. సార్ ఆగస్టులో అలాగే ఇచ్చారు. ‘హార్డ్‌వేర్’ అనే మాట వరుస చివర పడితే ఎక్స్‌టెన్షన్ గుర్తించేది కాదు. సార్ వారంలోపే సరిచేశారు. కానీ పెన్‌డ్రైవుతో పెట్టినది తనంతట తాను కొత్త కూర్పుకు మారలేదు. మూడో వరుసలో ఆరు కంప్యూటర్లకు ఇప్పటికీ పాతదే ఉంది. మా ఇంట్లో కంప్యూటర్ లేదు. నేను చేసే పనంతా ఆ మూడో వరుసలోనే. మా ఊరి వేరుశనగ రైతులు మాట్లాడే మాటలు పోగుచేసి ప్రాజెక్టు చేస్తున్నాను. ఒకే మాట రెండు రకాలుగా లెక్కపడితే లెక్కంతా మళ్లీ మొదటి నుంచి చేయాలి.

రేణిగుంట వాసి:
అమ్మా, ఆ సంగతి నాకు తట్టలేదు. పాత కూర్పు ఉండిపోవడం కూడా భద్రత లోపమే. నా పట్టు కొంచెం సడలించుకుంటున్నాను. అయితే తాళం ఒక్కరి దగ్గరే ఉండకూడదు, ప్రతి కూర్పునూ పంపేముందు రెండో మనిషి విప్పి చూడాలి. ఈ రెండింటికీ మాస్టారు ఒప్పుకుంటేనే.

చిత్తూరు మాస్టారు:
బాలాజీ కాలనీ మేడమ్ చెప్పినట్టు నిన్న రాత్రి మూట విప్పాను. నా కోడు ఉంది, లైసెన్సు ఉంది. వాటి పక్కనే ‘నమూనా’ అనే ఫోల్డరు. ఎక్స్‌టెన్షన్‌ను పరీక్షించడానికి మొదట్లో మా తరగతి జాబితానే వాడాను. నలభై రెండు మంది పేర్లు, హాల్ టికెట్ నంబర్లు, ఇంటర్నల్ మార్కులు అందులో ఉన్నాయి. మూటలో ఏవి చేరకూడదో చెప్పే వీఎస్‌కోడ్‌ఇగ్నోర్ ఫైలులో ఆ ఫోల్డరు పేరు రాయడం మరిచాను. అది ఓపెన్ వీఎస్‌ఎక్స్‌లో కాదు, తనిఖీలు గట్టిగా ఉంటాయని మేము నమ్మిన మైక్రోసాఫ్ట్ మార్కెట్‌ప్లేస్‌లోనే ఇన్ని నెలలుగా ఉంది. వైరస్ వెతికే తనిఖీకి మార్కుల జాబితా తప్పుగా కనిపించదు కదా.

వెంటనే అక్కడి నుంచి ఎక్స్‌టెన్షన్‌ను వెనక్కి తీసుకున్నాను. ఈ ఉదయం తరగతిలో పిల్లలందరికీ జరిగింది చెప్పి క్షమాపణ అడిగాను. ప్రిన్సిపాల్ గారికీ రాసి ఇచ్చాను. ఎంతమంది దించుకున్నారో ఆ లెక్క చిన్నదే కానీ, దించుకున్న దాన్ని నేను వెనక్కి రప్పించలేను.

రేణిగుంట గారి రెండు షరతులకూ ఒప్పుకుంటున్నాను. మిత్రుడు కూడా సరే అన్నాడు, ప్రతి కూర్పు మూటనూ తానే విప్పి చూస్తానన్న షరతుతో. నమూనా ఫైలులో ఇప్పుడు కూరగాయల పేర్లు మాత్రమే ఉన్నాయి. శుభ్రం చేసిన కూర్పును సాయంత్రం రెండు చోట్లా పెట్టాం. పేరు కోసం అర్జీ పెట్టాను, ధ్రువీకరణ ఇంకా రాలేదు కాబట్టి హెచ్చరిక గుర్తు కనిపిస్తుంది. పలమనేరు అమ్మాయీ, రేపు ల్యాబులో మూడో వరుసలోని పాతదాన్ని ముందు తీసేసి కొత్తది పెట్టు. ప్రచురణకర్త పేరు ఒక్కో అక్షరం చదివి చూసుకో. ‘హార్డ్‌వేర్’ వరుస చివర పడ్డప్పుడు ఏమవుతోందో ఇక్కడే రాయి.